పాల పుట్టగొడుగులకు ఏ గడ్డి వాడాలి, పైన మట్టి ఎంత మందం పోయాలి?

మాది ఖమ్మం. మా అక్కని అమలాపురం పక్క ఊరికి ఇచ్చారు. రెండేళ్ల కిందట ఏప్రిల్‌లో ఒకే చోట తెచ్చిన స్పాన్, అంటే పుట్టగొడుగుల విత్తనం, ఇద్దరం పంచుకుని, ఒకే వారంలో పాల పుట్టగొడుగుల బెడ్లు (స్పాన్ కలిపిన గడ్డి సంచులు) వేశాం. ఇద్దరిదీ వరిగడ్డే. గడ్డంతా తెల్లగా అల్లుకున్నాక ఇద్దరం పైన 2 సెం.మీ. మందం మట్టి పోశాం. ఈ పై పొరనే కేసింగ్ అంటారు. పన్నెండో రోజు అక్క ఫోన్ చేసింది. "ఏమే, నీకు మొగ్గలు కనపడ్డాయా? నాకు గుండుసూది తలల్లా బోలెడు లేచాయి" అంది. నాకూ లేచాయి. కానీ మధ్యాహ్నం మూడింటికల్లా మట్టి మీద సన్నగా నెర్రెలు వచ్చాయి. సాయంత్రానికి ఆ మొగ్గలు లేత పసుపు రంగుకి తిరిగి, వేలితో ముట్టుకుంటే తోలులా గట్టిగా తగిలాయి. రోజుకి నాలుగుసార్లు నీళ్లు కొట్టినా మళ్లీ లేవలేదు.

తర్వాతి బెడ్లకు మట్టి మందం 3.5 సెం.మీ. చేశాను. బాగా వచ్చాయి. నా మాట విని అక్క కూడా ఆగస్టులో అంతే పోసింది. అప్పుడు కోనసీమలో ముసురు. మొగ్గ కనపడటానికి మూడు వారాలు పట్టింది. ఒక బెడ్డులో అయితే మట్టి అడుగున గడ్డి కుళ్లి మురుగు వాసన వచ్చింది.

అప్పటినుంచి ఎవరైనా "కేసింగ్ ఎంత మందం వేయాలి?" అని అడిగితే ముందు వాళ్లనే మూడు ప్రశ్నలు అడుగుతున్నాను. కింద ఏ గడ్డి వేశారు? పైన ఏ మట్టి పోస్తున్నారు? మీ గదిలో గాలి ఎంత పొడిగా ఉంటుంది? ఈ మూడింటికీ జవాబు తెలిస్తే మందం దానంతటదే తేలుతుంది. కొత్తవాళ్లు చాలామంది తిరగేసి చేస్తారు. ఎక్కడో ఒక అంకె చూసి, దాన్నే అన్ని కాలాలకూ వాడేస్తారు.

ముందు మీరు పెంచేదానికి కేసింగ్ కావాలా?

ముత్యపు చిప్ప పుట్టగొడుగులకు, అంటే అందరూ ఆయిస్టర్ అనేవాటికి, కేసింగ్ అక్కర్లేదు. సంచికి పెట్టిన చిల్లుల్లోంచి అవే గుత్తులుగా బయటికొస్తాయి. వాటి మీద మట్టి పోస్తే శ్రమ దండగ, పైగా మట్టితోపాటు బూజు, పురుగు కూడా తెచ్చిపెట్టుకున్నట్టే. వరిగడ్డి పుట్టగొడుగుకీ మామూలుగా కేసింగ్ వేయరు.

బటన్ పుట్టగొడుగుకి కేసింగ్ తప్పనిసరి. 3 నుంచి 4 సెం.మీ. దాకా వేస్తారు. కానీ అది కాసేటప్పుడు గది 14 నుంచి 18 డిగ్రీల మధ్య ఉండాలి. దానికి కావలసిన కంపోస్టుని ఆరుబయట కుప్ప పోసి తిరగేసే పాత పద్ధతిలో 28 రోజులు చేయాలి, అమ్మోనియా వాసన ఊరంతా తెలుస్తుంది. హిమాచల్‌లోని సోలన్ లాంటి చల్లని చోట్ల అది రైతుల పంట. మన దగ్గర ఏసీ గది కట్టుకుని వ్యాపారంగా చేసేవాళ్లు ఉన్నారు గానీ, ఇంట్లో నాలుగు బెడ్లు వేసుకునేవాళ్లకు నేను ఆ దారి చెప్పను.

మనకి మిగిలేది పాల పుట్టగొడుగు. ఇది మన వేడికి తగ్గ రకం. 1974లో పశ్చిమ బెంగాల్ నుంచి శాస్త్రవేత్తలు దీన్ని తొలిసారి వర్ణించారు. 1998లో తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏపీకే-2 అనే రకాన్ని విడుదల చేశాక దక్షిణాదిలో బాగా వ్యాపించింది. 30 నుంచి 35 డిగ్రీల వేడిలో చక్కగా కాస్తుంది, కోశాక నాలుగైదు రోజులైనా తెల్లగానే ఉంటుంది. దీనికి మాత్రం కేసింగ్ లేనిదే పని జరగదు. గడ్డి ఎంత తెల్లగా అల్లుకున్నా పైన మట్టి పడేదాకా సరిగ్గా మొగ్గ తొడగదు. ఇక్కడినుంచి నేను చెప్పేదంతా దీని గురించే.

మీ ఇంటికి చలికాలంలో ఆయిస్టర్, మార్చి నుంచి అక్టోబర్ దాకా పాల పుట్టగొడుగు అనుకుంటే ఏడాది పొడవునా కూరకి లోటుండదు.

కింద వేసే గడ్డి

వరిగడ్డి దొరికితే ఇంకోదాని జోలికి పోవద్దన్నది నా అభిప్రాయం. ఇది అలవాటు కొద్దీ అంటున్న మాట కాదు. వరిగడ్డి గొట్టంలా బోలుగా ఉంటుంది, నీటిని పీల్చుకుంటుంది, అయినా ముక్కల మధ్య గాలి ఆడుతుంది. నీరూ గాలీ రెండూ ఉండే గడ్డి ఇంత చవకగా ఇంకోటి లేదు.

కానీ వరిగడ్డి అంతా ఒకటి కాదు. చేత్తో కోసి, కట్టలు కట్టి, కొట్టిన గడ్డి నిటారుగా శుభ్రంగా ఉంటుంది. కోత మిషన్ వెనకాల పడి, తర్వాత బేలర్‌తో చుట్టిన గడ్డి నలిగి ఉంటుంది, మట్టి బెడ్డలు, తాలు గింజలు అందులోనే ఉంటాయి. నలిగిన గడ్డి నీటిని త్వరగా పీలుస్తుంది, త్వరగా అణిగిపోతుంది కూడా. అలాంటిది వాడితే నానబెట్టే సమయం తగ్గించండి, సంచిలో మరీ గట్టిగా కూరకండి. తాలు గింజలు మొలకెత్తినా, వాటి మీద బూజు పట్టినా బెడ్డు పాడవుతుంది కాబట్టి ముందు బాగా దులపాలి.

గడ్డి కొనేటప్పుడు ఒక పిడికెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. తియ్యటి ఎండు వాసన రావాలి. మక్కిన వాసన వచ్చినా, కణుపుల దగ్గర నల్లటి చుక్కలు కనపడినా, రంగు బంగారంలా కాక బూడిదలా ఉన్నా, అది కల్లంలో వానకి తడిసి ఆరిన గడ్డి. ఎంత చవకగా ఇచ్చినా వద్దు. అలాంటి గడ్డిలో పచ్చ బూజు ముందే కూర్చుని ఉంటుంది, వేడి నీళ్లలో ముంచినా పూర్తిగా పోదు.

గడ్డిని 3 నుంచి 5 సెం.మీ. ముక్కలు చేయాలి. అంతకంటే పొడుగైతే సంచిలో ఖాళీలు ఏర్పడతాయి, పైభాగం చదునుగా రాదు. పైభాగం చదునుగా లేకపోతే కేసింగ్ మందం ఒక్కో చోట ఒక్కోలా పడుతుంది. గడ్డి నరకడంలో చేసిన బద్ధకం నెల తర్వాత మట్టి పొరలో బయటపడుతుంది, అందుకే ఇంత నొక్కి చెబుతున్నాను.

ముక్కల్ని రాత్రి నానబెట్టి, పొద్దున వంచి, 80 డిగ్రీల వేడి నీళ్లలో ముప్పావు గంట నుంచి గంట ఉంచాలి. నీళ్లు మరిగాక పొయ్యి ఆపేసి గడ్డి వేస్తే వేడి ఇట్టే పడిపోతుంది. సన్నటి మంట కొనసాగనివ్వండి, థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి. ఫార్మాలిన్, కార్బెండజిమ్ అనే మందులు కలిపిన నీళ్లలో నానబెట్టే పద్ధతి ఒకటి చాలాచోట్ల చెబుతారు. పిల్లలు తిరిగే ఇంట్లో ఫార్మాలిన్ పెట్టుకోవద్దని నా గట్టి మాట. కళ్లు, ముక్కు మండిపోతాయి, అది ఇంట్లో పీల్చుకునే వస్తువు కాదు.

తేమ ఎంత ఉందో చూసుకోవడానికి అందరూ చెప్పేది పిడికిట పట్టి పిండటం. గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధారగా కారకూడదు. ఇది నిజమే గానీ, చేతి బలం మనిషిని బట్టి మారుతుంది. నేను తూకం వేస్తాను. కిలో ఎండు గడ్డి నానబెట్టి, ఉడికించి, ఆరబెట్టాక రెండున్నర కిలోలు తూగితే తేమ సుమారు 65 శాతం ఉన్నట్టు. మూడు కిలోలు తూగుతోందంటే 70 శాతానికి చేరింది, ఇంకాసేపు నీడన ఆరబెట్టాలి. స్పాన్ ఈ తడి బరువులో 4 నుంచి 5 శాతం, అంటే కిలో ఎండు గడ్డికి 100 నుంచి 125 గ్రాములు.

వరిగడ్డి దొరకని ఊళ్లు ఉన్నాయి, వాళ్ల మాటేంటి? జొన్న చొప్ప, మొక్కజొన్న చొప్ప వాడొచ్చు. కానీ వాటి మధ్యలో బెండు ఉంటుంది, అది స్పాంజిలా నీటిని పట్టుకుని వదలదు. పైకి ఆరినట్టున్నా లోపల తడి ఉంటుంది. సన్నగా నరికి, వరిగడ్డి కంటే ఎక్కువసేపు ఆరబెట్టాలి. ఆ బెండులో కాస్త తీపి కూడా ఉంటుంది కాబట్టి పచ్చ బూజు భయం ఎక్కువ. చెరకు పిప్పి ఇంకా కష్టం. రసం బండి దగ్గర ఉచితంగా దొరుకుతుందని తెచ్చుకుంటారు, అందులో మిగిలిన చక్కెర మన స్పాన్ కంటే ముందు ఈస్టుకీ బూజుకీ విందవుతుంది. బాగా కడిగి, ఎండబెట్టి, వరిగడ్డిలో నాలుగో వంతుకి మించకుండా కలిపితే ఫర్వాలేదు.

రంపపు పొట్టు నాకు నచ్చదు. సన్నగా ఉండటంతో గాలి ఆడదు, వేడి నీళ్లు సరిపోవు, ఆవిరితో పూర్తిగా ఉడికించాలి. పైగా సామిల్లులో ఏ చెక్క పొట్టు కలిసిందో, దానికి ఏ మందు కొట్టారో మనకి తెలియదు. పత్తి కట్టె మీద పురుగుమందుల అవశేషాల భయం ఉంది, సొంత చేనుదై, మందు కొట్టనిదైతేనే ఆలోచించండి. కొబ్బరి పొట్టుని కింద వేయడానికి కొందరు అడుగుతారు. అందులో పుట్టగొడుగుకి తిండి తక్కువ. ఆ గుణమే దాన్ని పైన వేసే కేసింగ్‌కి మంచి సరుకు చేస్తుంది.

తవుడు, శనగ పొట్టు లాంటివి కలిపితే దిగుబడి పెరుగుతుందంటారు. ఆవిరి పట్టే ఏర్పాటు ఉన్నవాళ్లకి పెరుగుతుంది. వేడి నీళ్ల పద్ధతిలో మాత్రం తవుడు కలిపిన సంచి లోపల వేడెక్కుతుంది, మూడో రోజుకే పచ్చ మచ్చలు కనిపిస్తాయి. మొదటి రెండు మూడు విడతలు ఉత్త గడ్డితోనే చేయండి.

పైన పోసే మట్టి

కేసింగ్ అనగానే ఎరువు అనుకుంటారు చాలామంది. కేసింగ్ పని తిండి పెట్టడం కాదు. పుట్టగొడుగులో పదింట తొమ్మిది వంతులు నీళ్లే. కిలో పుట్టగొడుగులు కోశామంటే 900 మిల్లీలీటర్ల నీరు ఎక్కడినుంచో రావాలి. గడ్డిలో కొంత ఉంది, మిగతాది ఈ మట్టి పొర అందించాలి. తెల్లటి దారాలు తిండి ఉన్న గడ్డిలోంచి తిండి లేని తడి మట్టిలోకి ఎక్కి, గాలి వెలుతురు తగిలాక, ఇక మొగ్గ తొడిగే సమయం వచ్చిందని గుర్తిస్తాయి. మట్టిలో ఉండే మంచి సూక్ష్మజీవులకీ ఇందులో పాత్ర ఉంది. అందుకే కేసింగ్‌కి కావలసిన గుణాలు మూడు: నీరు పట్టుకోవాలి, గాలి ఆడనివ్వాలి, తిండి తక్కువ ఉండాలి.

తోట మట్టిలో నాలుగో వంతు ఇసుక కలిపేది పాత పద్ధతి. ఎర్ర చెలక మట్టి, గరప మట్టి బాగా పనికొస్తాయి. నల్లరేగడి మాత్రం వద్దు. తడిస్తే ముద్దై గాలిని ఆపేస్తుంది, ఎండితే నెర్రెలు విచ్చి ఎక్కిన తెల్లదారాల్ని తెంపేస్తుంది. ఖమ్మం చుట్టుపక్కల నల్లమట్టి కూడా ఉంది కాబట్టి నా మొదటి బెడ్లలో ఆ మట్టి కూడా కొంత కలిసింది. నెర్రెలకు ఎండ ఒక్కటే కారణం కాదని తర్వాత తెలిసింది.

రెండోది కొబ్బరి పొట్టు, అంటే నర్సరీల్లో కోకోపీట్ పేరుతో అమ్మేది. ఐరోపాలో బటన్ పుట్టగొడుగులకు పీట్ అనే చిత్తడి నేలల మట్టి వాడతారు, మనకి ఆ స్థానంలో దొరికేది ఇదే. తేలిగ్గా ఉంటుంది, నీటిని బాగా పట్టుకుంటుంది. దీనిలో ఒక చిక్కుంది, ఉప్పు. పీచు పరిశ్రమల్లో కొబ్బరి డొక్కల్ని ఉప్పు కలిసిన నీళ్లలో నానబెట్టి ఉంటే ఆ ఉప్పు పొట్టులో ఉండిపోతుంది. దిమ్మని నానబెట్టి, గుడ్డలో వేసి, మంచినీళ్లతో మూడుసార్లు కడిగి పిండండి. మొదటిసారి నీళ్లు టీ డికాక్షన్‌లా దిగుతాయి, మూడోసారికి లేత రంగులోకి వస్తాయి. అక్క వాళ్ల ఊళ్లో పొట్టు కుప్పలుగా దొరుకుతుంది, ఏడాది పాటు వానకి తడిసిన పాత కుప్పలోది తెచ్చుకుంటుంది, దానికి ఉప్పు చాలావరకు వాన నీళ్లతోనే కడుక్కుపోయి ఉంటుంది.

నేను చేసేది, చెప్పేది: కొబ్బరి పొట్టు సగం, ఎర్రమట్టి సగం. మట్టి బరువు వల్ల పొట్టు ఎగిరిపోదు, పొట్టు వల్ల మట్టి గట్టిపడదు. పశువుల ఎరువు కలపాలనుకుంటే రెండేళ్లు బాగా చివికినదై, వాసన లేనిదై ఉండాలి. వర్మీకంపోస్టు ఒక్కటే వేయొద్దు, జిగురుగా ఉంటుంది, చిన్న నల్ల ఈగలు ముసురుతాయి.

కలిపిన మట్టిలో సుద్ద పొడి వేసి పీహెచ్, అంటే పులుపు ఎంతుందో చెప్పే అంకె, 7.5 నుంచి 8 మధ్యకు తేవాలి. పొట్టు కాస్త పుల్లగా ఉంటుంది, పచ్చ బూజుకి పులుపు ఇష్టం, అందుకే ఈ పని. పీహెచ్ కాగితాలు ఆక్వేరియం షాపుల్లో కూడా దొరుకుతాయి. తర్వాత మట్టిని గంటసేపు ఆవిరి మీద ఉడికించాలి. నేను పెద్ద ఇడ్లీ పాత్రలో అడుగున నీళ్లు పోసి, పైన గుడ్డ సంచిలో మట్టి పెట్టి ఉడికిస్తాను. పూర్తిగా చల్లారాకే బెడ్డు మీద వేయాలి.

ఎంత కావాలో ముందే లెక్క వేసుకోండి. నేను రెండు కిలోల ఎండు గడ్డి, అంటే ఐదు కిలోల తడి గడ్డి పట్టే, అడుగు వెడల్పు సంచి వాడతాను. 20 రోజుల్లో తెల్లబడ్డాక దాన్ని అడ్డంగా మధ్యకి కోస్తే రెండు బెడ్లవుతాయి. అడుగు వెడల్పు బెడ్డు మీద 2.5 సెం.మీ. పొర వేయడానికి సుమారు 1.75 లీటర్ల మట్టి పడుతుంది. 650 గ్రాముల చిన్న కోకోపీట్ ఇటుక నానితే 8 లీటర్ల దాకా పొంగుతుంది. దానికి అంతే మట్టి కలిపితే ఎనిమిది బెడ్లకి సరిపోతుంది.

మందం సంగతి

పుస్తకాల్లో పాల పుట్టగొడుగుకి 2 నుంచి 3 సెం.మీ. అని ఉంటుంది. అది సరైన లెక్కే, కానీ 2కీ 3కీ మధ్య ఎక్కడ ఆగాలన్నదే మన ప్రశ్న. కొన్ని ఇళ్లలో దాన్ని దాటి అర సెంటీమీటరు ముందుకి కూడా పోవాలి.

పొర పలచనైతే ఏం జరుగుతుందో చూడండి. 1, 1.5 సెం.మీ. మందంలోకి తెల్లదారాలు నాలుగైదు రోజుల్లోనే ఎక్కేస్తాయి. మొగ్గలు త్వరగా, గుంపులుగా వస్తాయి, చూడ్డానికి సంతోషంగా ఉంటుంది. కానీ అన్నిటికీ సరిపడా నీళ్లు ఆ పొరలో ఉండవు. చిన్నగానే ఆగిపోయేవి, ఎండిపోయేవి ఎక్కువ. ఎండిపోతోందని నీళ్లు ఎక్కువ కొడితే, పలచటి పొర వాటిని ఆపలేదు, తిన్నగా గడ్డిలోకి దిగుతాయి. పైన మొగ్గ ఎండుతుంటే కింద గడ్డి నానిపోతుంటుంది.

పొర మందమైతే, అంటే 4 సెం.మీ. దాటితే, దారాలు పైకి రావడానికే పది పన్నెండు రోజులు పడుతుంది. మొగ్గలు తక్కువ వస్తాయి, వచ్చినవి లావుగా బరువుగా ఉంటాయి. అది చూసి మందమే మేలనుకునే ప్రమాదం ఉంది. అడుగున గాలి తగ్గుతుంది, పైన నీళ్లు కొడితే పై సెంటీమీటరే తడుస్తుంది, కింద పొడిగా ఉండిపోతుంది. లేదా అడుగుదాకా తడిస్తే ఆరదు. ఇంకో గుర్తు, మొగ్గలు పైకి రాలేక సంచి అంచుల్లో, ప్లాస్టిక్‌కీ మట్టికీ మధ్య సందులో పుడతాయి. అలా పుట్టినవి వంకరగా నలిగి పాడవుతాయి.

కాబట్టి పొర మందం నీటి నిల్వ అయితే, గాలికి అదే అడ్డం. మీ మట్టి ఎంత తేలికైతే అంత మందం పోయొచ్చు, ఎంత బరువైతే అంత తగ్గించాలి. మట్టీ ఇసుక మిశ్రమమైతే 2 సెం.మీ., ఎంత పొడి కాలమైనా 2.5 దాటొద్దు. సగం పొట్టు సగం మట్టి అయితే మామూలుగా 2.5 సెం.మీ., అంటే మన అంగుళం. ఉత్త కొబ్బరి పొట్టు అయితే 3 నుంచి 3.5. మొదటిసారి చేసేవాళ్లు పొట్టూ మట్టీ సగం సగం, అంగుళం మందం పెట్టుకుంటే తప్పు జరిగే అవకాశం అన్నిటికంటే తక్కువ.

గడ్డి కూడా ఇందులో ఒక చెయ్యి వేస్తుంది. కోత మిషన్ గడ్డి, జొన్న చొప్ప లాంటివి నీటిని ఎక్కువ పట్టుకుని ఉంటాయి కాబట్టి పైపొర అర సెంటీమీటరు తగ్గించండి. కాస్త పొడిగా అల్లుకున్న గడ్డి అయితే అర సెంటీమీటరు పెంచండి. తొట్టెలో 7, 8 సెం.మీ. పలచగా గడ్డి పరిచి చేసేవాళ్లకు 2 సెం.మీ. చాలు, అంత కొద్ది గడ్డి ఎలాగూ ఎక్కువ పుట్టగొడుగుల్ని మోయలేదు.

మందం కొలవడానికి నేను అగరబత్తి పుల్ల వాడతాను. పుల్ల కింది కొన నుంచి 2.5 సెం.మీ. దగ్గర పెన్నుతో గీత పెట్టి, బెడ్డు మీద ఐదు చోట్ల, మధ్యలో ఒకటి, నాలుగు వైపులా నాలుగు, గుచ్చి చూస్తాను. గడ్డి తగలగానే పుల్ల ఆగుతుంది, గీత మట్టితో సమానంగా ఉండాలి. మొదటిసారి ఇలా చూసినప్పుడు మధ్యలో 4, అంచుల్లో ఒకటిన్నర ఉంది. నేను అంగుళం పోశాననే అనుకున్నాను. మట్టిని మధ్యలో కుమ్మరించి చేత్తో అంచులకి నెట్టడం వల్ల అలా అవుతుంది. ఇప్పుడు ముందు గడ్డి పైభాగాన్ని అరచేత్తో నొక్కి చదును చేసి, మట్టిని గ్లాసుతో అంచుల నుంచి మధ్యకి పోస్తాను. సమానంగా లేని అంగుళం కంటే సమానంగా ఉన్న 2 సెం.మీ. ఎంతో మేలు. పలచగా ఉన్నచోట మొగ్గలు ముందు లేచి నీళ్లన్నీ లాగేస్తాయి, మందంగా ఉన్నచోట అసలు రావు.

మట్టిని పోసేటప్పుడే తడిపి పోయండి, పిండితే ముద్ద కట్టాలి, నీళ్లు కారకూడదు. పొడి మట్టి పోసి పైనుంచి నీళ్లు కొట్టడం పెద్ద పొరపాటు. నొక్కి గట్టి చేయొద్దు.

ఎండ ఊరు, తేమ ఊరు

ఖమ్మం, రామగుండం, నల్గొండ లాంటి చోట్ల ఏప్రిల్, మే నెలల్లో గాలి ఒళ్లు పగిలేంత పొడిగా ఉంటుంది. అక్కడ తేలిక మిశ్రమంతో 3 నుంచి 3.5 సెం.మీ. పోసుకోండి, కిటికీలకి తడి గోనెపట్టాలు వేలాడదీయండి. కూలర్ గాలి బెడ్డుకి నేరుగా తగలనివ్వొద్దు, తేమ గాలే కదా అనుకుంటాం గానీ ఆ వేగానికి మొగ్గలు మాడిపోతాయి. గది 38 డిగ్రీలు దాటుతుంటే మందం గురించి టెన్షన్ పడటం కంటే ముందు చల్లబరచడం చూడండి. బెడ్డు లోపల గది కంటే రెండు మూడు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది.

కోనసీమ, కాకినాడ, విశాఖ, మచిలీపట్నం వైపు జూన్ నుంచి అక్టోబర్ దాకా 2 సెం.మీ. సరిపోతుంది. అక్కడ నీటి కంటే గాలి ముఖ్యం. పొద్దున సాయంత్రం ఒక గంట తలుపులు తీయండి. కాడలు పొడుగ్గా సాగి, గొడుగు చిన్నగా ఉంటే గాలి చాలట్లేదని అర్థం. దానికి మందం మార్చి లాభం లేదు. వెలుతురు కూడా కావాలి, పూర్తి చీకటి గదిలో పాల పుట్టగొడుగు సరిగ్గా రాదు. నేరు ఎండ పడకుండా, పేపర్ చదువుకునేంత వెలుగు ఉంటే చాలు.

హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. పొద్దున ఆఫీసుకి వెళ్లి రాత్రికి వచ్చేవాళ్లయితే మధ్యాహ్నం నీళ్లు కొట్టే మనిషి ఉండరు. వాళ్లు మందం అర సెంటీమీటరు పెంచుకుని, బెడ్డు మీద చిల్లులున్న పాలిథిన్ కవర్ వదులుగా కప్పి వెళ్లాలి. రోజుకి మూడుసార్లు చూసుకోగలిగే మా అమ్మలాంటి వాళ్లు ఇంట్లో ఉంటే పలచగా పోసినా నడుస్తుంది.

మధ్యలో తేడా కనిపిస్తే

కేసింగ్ వేసిన ఏడు ఎనిమిది రోజులకి పైన అక్కడక్కడ తెల్ల మచ్చలు కనిపిస్తాయి. అవి పచ్చగా మారకపోతే మన దారాలే. ఒకవైపే త్వరగా పైకి వచ్చేస్తే అక్కడ మందం తక్కువని అర్థం. ఆ చోట పిడికెడు తడి మట్టి చల్లి సమం చేయండి. మట్టి పైన గట్టి చెక్కులా కట్టి, నీళ్లు జారిపోతుంటే, ఫోర్కుతో పై అర సెంటీమీటరు మాత్రం మెల్లగా గోకండి. మొగ్గలు లేచాక మాత్రం గోకకూడదు, మట్టి కలపకూడదు.

పచ్చ బూజు మచ్చ చిన్నదైతే చుట్టూ రెండు వేళ్ల మేర మట్టితోసహా తీసేసి, ఆ చోట సుద్ద పొడి చల్లండి. బెడ్డు మొత్తానికి పాకితే సంచి కట్టేసి దూరంగా పాతిపెట్టండి, పక్క బెడ్లని కాపాడుకోండి. నీళ్లు ఎక్కువైన గడ్డి మీద సన్నటి కాడలతో, ఒక్కరోజులోనే నల్ల సిరాలా కరిగిపోయే గొడుగులు లేస్తాయి. అవి మనం వేసిన రకం కాదు. మన బెడ్డు మీదే పుట్టాయని కూరలో వేసుకోవద్దు, తీసి పారేయండి.

నీళ్లు కొట్టేముందు పుల్ల గుచ్చి చూడటం అలవాటు చేసుకోండి. పుల్ల అడుగుదాకా చల్లగా, మట్టి కొద్దిగా అంటుకుని వస్తే ఆ పూట నీళ్లు అక్కర్లేదు. పొడిగా వస్తే సన్నటి పొగమంచులా కొట్టండి, ఒక్కసారిగా కాక పావుగంట తేడాతో రెండుసార్లు.

మొగ్గ కనపడ్డాక వారంలో మొదటి కోత వస్తుంది. మెలిపెట్టి లాగండి, కాడ మొదలు మట్టిలో మిగిలిపోతే కుళ్లుతుంది. లాగినచోట గుంట పడుతుంది, పక్కన దాచుకున్న ఉడికించిన మట్టితో ఆ గుంట పూడ్చి, మళ్లీ పుల్లతో కొలవండి. రెండో కోతకి పొర కాస్త అణిగి ఉంటుంది కాబట్టి నేను పైన మరో అర సెంటీమీటరు చల్లుతాను. కిలో ఎండు గడ్డికి అన్ని కోతలూ కలిపి ముప్పావు కిలో దాటితే బాగా వచ్చినట్టే లెక్క. మూడో కోత అయ్యాక పైనున్న మట్టిని మళ్లీ కేసింగ్‌కి వాడొద్దు. గడ్డితోపాటు మొక్కల కుండీల్లో వేయండి. మా ఇంట్లో అది బెండ మొక్కల మొదట్లోకి పోతుంది.